పాఠకుల ప్రశ్నలు: రైలూ విమానం కేంద్రానివైతే మన అసెంబ్లీ చేతిలో ఏముంటుంది?

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా రోడ్లు, రైళ్లు, ఎయిర్‌పోర్టుల మీదే వచ్చాయి, అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి పెట్టేసి కాలమ్ మొత్తం వీటికే ఇచ్చేస్తున్నా. ఉత్తరాలన్నీ చదివితే ఒక విషయం అర్థమవుతోంది, జనానికి కోపం ఉంది గానీ ఆ కోపం ఎవరి మీద చూపించాలో సరిగ్గా తెలియట్లేదు, తెలియనివ్వట్లేదు కూడా.

ప్రశ్న: అన్నా, సిరిసిల్లకు రైలు వస్తది వస్తదని చిన్నప్పటి సంది వింటున్నం. లీడర్లను అడిగితే ఒకలు రైలు సెంట్రల్‌ది మా చేతుల లేదంటరు, ఇంకొకలు రాష్ట్రం పైసలిస్తలేదంటరు. మన అసెంబ్లీలనే ఒక చట్టం చేసి మన రైలు మనమే ఏసుకోరాదా? (సిరిసిల్ల నుంచి ఒక పాఠకుడు)

చట్టం చేసి వేసుకోవడం కుదరదు తమ్ముడూ. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో మూడు లిస్టులు ఉంటాయి, కేంద్రానిది ఒకటి, రాష్ట్రాలది ఒకటి, ఇద్దరికీ కలిపి ఒకటి. రైల్వేలు కేంద్రం లిస్టులో 22వ ఎంట్రీ. నేషనల్ హైవేలు అదే లిస్టులో 23, ఎయిర్‌పోర్టులూ విమానాలూ 29. రాష్ట్రం లిస్టులో 13వ ఎంట్రీ కింద మిగిలేది మామూలు రోడ్లు, బ్రిడ్జిలు, పడవ రేవులు, మున్సిపల్ ట్రామ్‌లు, రోప్‌వేలు, ఇలాంటివి. కాబట్టి రైలు మీద తెలంగాణ అసెంబ్లీ గానీ ఆంధ్రా అసెంబ్లీ గానీ చట్టం చెయ్యలేవు, 1989 నాటి రైల్వే చట్టం పార్లమెంటుది, టికెట్ రేటు దగ్గర్నుంచి అన్నీ దాని కిందే నడుస్తాయి.

కానీ "మా చేతుల్లో లేదు" అని ఆపేస్తే మాత్రం అది సగం నిజమే. ఎందుకంటే కొత్త లైన్లు ఇప్పుడు చాలావరకు ఖర్చు పంచుకునే ఒప్పందాల మీద పడుతున్నాయి, మీ లైనే తీసుకో. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్లు, 2016 ఆగస్టులో ప్రధాని గజ్వేల్ దగ్గర కోమటిబండలో శంకుస్థాపన చేశారు. ఆ ఒప్పందంలో రాష్ట్రం ఏం ఒప్పుకుందంటే భూమి ఉచితంగా ఇవ్వాలి, కట్టడం ఖర్చులో మూడో వంతు పెట్టుకోవాలి, లైను మొదలైన తర్వాత మొదటి ఐదేళ్లు నష్టం వస్తే అది కూడా భరించాలి. 2023 అక్టోబరులో సిద్దిపేట దాకా రైలు వచ్చింది. అక్కణ్ణుంచి సిరిసిల్ల, వేములవాడ మీదుగా కొత్తపల్లి వెళ్లాలి.

అంటే మీరు అడగాల్సింది "రైలు ఎప్పుడొస్తది" అని కాదు, ఆ ప్రశ్నకి ఎవరైనా ఏదో ఒక ఏడాది చెప్పేసి వెళ్లిపోతారు. మన మండలంలో లైనుకి కావాల్సిన భూమి ఎన్ని ఎకరాలు, అందులో రైల్వేకి అప్పజెప్పింది ఎంత, ఈ ఏడాది బడ్జెట్‌లో రాష్ట్రం వాటా కింద ఎంత పెట్టారు, పెట్టినదాంట్లో ఎంత కట్టారు అని ఎమ్మెల్యేని అడగాలి. రైల్వే ఈ ఏడాది ఈ లైనుకి ఎంత కేటాయించింది, టెండరు ఏ ముక్క వరకు పిలిచారు అని ఎంపీని అడగాలి. ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెడితే ఆలస్యం ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఇదేదో మీ ఒక్క లైను గొడవ కాదు. అక్కన్నపేట–మెదక్ 17 కిలోమీటర్ల లైను సగం సగం వాటాతో పడింది, 2022 సెప్టెంబరులో రైలు మొదలైంది. ఆంధ్రాలో నడికుడి–శ్రీకాళహస్తి లైను 309 కిలోమీటర్లు, అక్కడ రాష్ట్రం భూమి ఉచితంగా ఇచ్చి ఖర్చులో సగం కూడా పెట్టుకోవాలి. కోనసీమ వాళ్లు తరాలుగా ఎదురుచూస్తున్న కోటిపల్లి–నరసాపురం లైనులో రాష్ట్రం వాటా పావు వంతు, దానికి గోదావరి పాయలు మూడింటి మీద వంతెనలు కావాలి. నా అభిప్రాయం ఏంటంటే ఇలా రాష్ట్రాల మీద వాటా వెయ్యడం న్యాయమా అన్నది వేరే చర్చ, చెయ్యాల్సిందే ఆ చర్చ, రైలు కేంద్రానిది అన్నప్పుడు పేద జిల్లాకి లైను వెయ్యడానికి రాష్ట్రం జేబు ఎందుకు చూడాలి అని నాకూ అనిపిస్తుంది. కానీ ఒకసారి సంతకం పెట్టాక మాత్రం ఆ వాటా కట్టకుండా కేంద్రం మీద చెయ్యి చూపించడం జనాన్ని మోసం చెయ్యడమే.

ప్రశ్న: రైల్వే కేంద్రానిది అయితే హైదరాబాద్ మెట్రో రాష్ట్రం ఎలా కట్టింది సార్? మెట్రో ఛార్జీలు పెంచేది ఎవరు? (మియాపూర్ నుంచి)

చాలా మంచి ప్రశ్న, లాయర్లు కూడా దీని మీద బాగా కొట్టుకున్నారు. పైన చెప్పిన 13వ ఎంట్రీలో మున్సిపల్ ట్రామ్‌వేలు రాష్ట్రానివి అని ఉంది కదా, దాన్ని పట్టుకుని 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మున్సిపల్ ట్రామ్‌వేల చట్టం ఒకటి చేసింది, దాని కిందే మెట్రో ప్రాజెక్టు మొదలుపెట్టారు. అంటే కాగితం మీద మన మెట్రో పుట్టింది ట్రామ్‌గా. తర్వాత కేంద్రం తన మెట్రో చట్టాలని హైదరాబాద్‌కి కూడా వర్తింపజేసింది, అప్పట్నుంచి సేఫ్టీ సర్టిఫికెట్ దగ్గర్నుంచి ఛార్జీల దాకా 2002 నాటి కేంద్ర మెట్రో చట్టం ప్రకారమే. 2017 నవంబరులో రైళ్లు తిరగడం మొదలైంది.

ఆ చట్టంలో ఛార్జీలకి ఒక పద్ధతి ఉంది. మొదటిసారి రేటు మెట్రో నడిపేవాళ్లే పెట్టుకుంటారు, ఆ తర్వాత మార్చాలంటే ఫేర్ ఫిక్సేషన్ కమిటీ వెయ్యాలి, దానికి హైకోర్టు జడ్జి గానీ రిటైరైన జడ్జి గానీ ఛైర్మన్‌గా ఉంటారు, కేంద్రం నుంచి ఒకరు, రాష్ట్రం నుంచి ఒకరు సభ్యులు. ఆ కమిటీ చెప్పింది మెట్రో యాజమాన్యం పాటించాలి. 2025 మేలో ఛార్జీలు పెరిగింది అలాగే. కాబట్టి కమిటీ కూర్చుని జనం అభిప్రాయాలు అడిగినప్పుడే రాసి పంపాలి, రేటు పెరిగాక ధర్నా చేస్తే వినేవాళ్లకి మార్చే అధికారం ఉండదు. అభిప్రాయాలకి గడువు పెట్టి పేపర్లో చిన్న ప్రకటన ఇస్తారు, అది చాలామంది చూడరు, అక్కడే మనం నష్టపోతున్నాం.

ప్రశ్న: ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ తీసుకున్నానండీ. విజయవాడ హైవే మీద బ్రహ్మాండంగా పనిచేసింది, ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కితే మాత్రం మామూలుగా డబ్బులు కట్ అయిపోయాయి. పాస్‌లో ఏమన్నా లోపమా? (ఉప్పల్ నుంచి)

లోపం ఏం లేదండీ, రోడ్డు వేరు. ఆ పాస్ 2025 ఆగస్టు 15న మొదలైంది, అప్పుడు ధర 3,000 రూపాయలు, సొంత కార్లకి ఏడాది లేదా 200 ట్రిప్పులు ఏది ముందైతే అది. అది కేంద్రం పెట్టిన పథకం కాబట్టి నేషనల్ హైవేలు, నేషనల్ ఎక్స్‌ప్రెస్‌వేల టోల్ ప్లాజాల్లో పనిచేస్తుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడూ 65వ నంబరు జాతీయ రహదారి మీదవి. మన 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ రాష్ట్రం కట్టుకున్న రోడ్డు, 2023లో దాని టోల్ వసూలు హక్కు 30 ఏళ్లకి 7,380 కోట్ల రూపాయలకి ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చేశారు కూడా. రాష్ట్రం రోడ్ల మీద టోల్ రాష్ట్రం లిస్టులో 59వ ఎంట్రీ. స్టేట్ హైవేల టోల్ కూడా ఇంతే, ఢిల్లీలో ఇచ్చిన పాస్ ఇక్కడ చెల్లాలంటే రాష్ట్రం ఒప్పుకుని ఆ కంపెనీకి నష్టపరిహారం ఏదో చూపించాలి.

అలాగే "టోల్ గేట్ల మధ్య 60 కిలోమీటర్లు ఉండాలి కదా" అని ఇంకో ఇద్దరు రాశారు. అది 2008 నాటి నేషనల్ హైవేస్ ఫీజు రూల్స్‌లోది, ఆ రూల్‌కి మినహాయింపులు కూడా ఉన్నాయి, స్టేట్ రోడ్లకి అది అసలు వర్తించదు.

ప్రశ్న: మాది చౌటుప్పల్ దగ్గర. రీజనల్ రింగ్ రోడ్డుకి మా రెండెకరాలు పోతున్నయని చెప్తున్నరు. గ్రామసభ పెట్టలే, మమ్ముల అడగలే. ఇట్ల తీసుకోవచ్చా? ఎంత వస్తది, ఎవరి దగ్గరికి పోవాలె? (ఒక సోదరి)

అక్కా, ఈ ఉత్తరం చదివి నాకు చాలా బాధేసింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, దయచేసి ఇంట్లో చదువుకున్న పిల్లలతో కూడా చదివించండి.

గ్రామసభ ఎందుకు పెట్టలేదంటే, 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావం చూడాలి, జనాన్ని వినాలి అని మంచి మాటలు ఉన్నా ఆ చట్టంలోనే నాలుగో షెడ్యూల్ అని ఒకటి పెట్టి 1956 నేషనల్ హైవేస్ చట్టాన్ని, రైల్వే చట్టాన్ని, మెట్రో చట్టాన్ని అందులోంచి తప్పించారు. మీ రీజనల్ రింగ్ రోడ్డు జాతీయ రహదారి కాబట్టి దానికి భూమి తీసుకునేది 1956 చట్టం ప్రకారం. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది, చెరువు కోసం పోయిన ఎకరానికి ఒక పద్ధతి, రోడ్డు కోసం పోయిన ఎకరానికి ఇంకో పద్ధతి ఉండకూడదు. కానీ ఇప్పుడున్న చట్టం అది.

అయితే ఆ చట్టంలో కూడా మీకు మాట్లాడే చోట్లు ఉన్నాయి, వాటికి రోజులు లెక్క ఉంది, రోజు దాటితే పోతుంది. మొదట 3ఏ సెక్షన్ కింద నోటిఫికేషన్ వస్తుంది, అందులో సర్వే నంబర్లు ఉంటాయి, పేపర్లో వేస్తారు. అది వచ్చిన 21 రోజుల్లోపు భూసేకరణ అధికారికి, మామూలుగా ఆర్డీవో గానీ అడిషనల్ కలెక్టర్ గానీ ఉంటారు, అభ్యంతరం రాసి ఇవ్వాలి, నోటితో చెప్తే లెక్కలోకి రాదు, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆయన మిమ్మల్ని పిలిచి వినాలి. తర్వాత 3డీ అని ప్రకటన వస్తుంది, అది వచ్చిన క్షణం నుంచి భూమి కేంద్ర ప్రభుత్వానిది అయిపోతుంది. 3ఏ తర్వాత ఏడాదిలోపు 3డీ రాకపోతే మొదటి నోటిఫికేషన్ చెల్లదు, మధ్యలో కోర్టు స్టే ఉంటే ఆ రోజులు తీసేసి లెక్కపెడతారు.

డబ్బు సంగతి. పద్ధతి 1956ది అయినా పరిహారం లెక్క మాత్రం 2015 నుంచి 2013 చట్టం ప్రకారమే కట్టాలి, ఇది మర్చిపోవద్దు. మార్కెట్ విలువ తీస్తారు, అది రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ ఒక్కటే కాదు, చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కూడా చూసి ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. దాన్ని పల్లెల్లో అయితే 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నోటిఫై చేసిన అంకెతో గుణిస్తారు. చెట్లు, బోరు, బావి, పశువుల కొట్టం, ఇల్లు విలువ కలుపుతారు. మొత్తం మీద అంతే ఇంకోసారి సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము) కింద ఇస్తారు, అంటే నూటికి నూరు. దానికి తోడు మార్కెట్ విలువ మీద నోటిఫికేషన్ రోజు నుంచి ఏడాదికి 12 శాతం. బోరు రాయలేదు, మామిడి చెట్లు రాయలేదు అని తర్వాత ఏడ్చేవాళ్లని చాలామందిని చూశాం, కాబట్టి సర్వేకి వచ్చిన రోజు దగ్గరుండి పంచనామాలో ప్రతి చెట్టూ రాయించండి, ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి.

ఇచ్చిన మొత్తం తక్కువ అనిపిస్తే కోర్టుకి నేరుగా కాదు, ముందు ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి వెళ్లాలి, చాలా జిల్లాల్లో కలెక్టర్‌నే ఆర్బిట్రేటర్‌గా కేంద్రం పెడుతుంది. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే ఆ ఆర్డరు అందిన మూడు నెలల్లోపు జిల్లా కోర్టు. పక్క భూముల సేల్ డీడ్ల సర్టిఫైడ్ కాపీలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడే తీసి పెట్టుకోండి, ఆర్బిట్రేషన్‌లో నిలబడేది అవే.

ఇంకొకటి, ఇది జాతీయ రహదారే అయినా భూసేకరణ ఖర్చులో సగం రాష్ట్రం పెట్టుకుంటోంది. కాబట్టి "అది ఢిల్లీ రోడ్డు" అని ఎవరైనా మిమ్మల్ని పంపించేస్తే ఒప్పుకోకండి. గుణించే అంకె ఎంత ఉండాలో నోటిఫై చేసేది రాష్ట్రం, సర్వే చేసేది రాష్ట్రం అధికారులు, సగం డబ్బు రాష్ట్రానిది. రైతుకి ఎంత దక్కుతుందో తేలేది ఎక్కువ ఇక్కడే.

ప్రశ్న: విభజన చట్టంలో రైల్వే జోన్ ఇస్తామని రాశారు కదండీ, 2014లో రాసింది 2025 దాకా శంకుస్థాపన కూడా కాలేదు. చట్టాన్నే పాటించకపోతే కోర్టుకెళ్లి చేయించుకోలేమా? (విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి)

మాస్టారూ, ఆ చట్టం 13వ షెడ్యూల్ నేను పట్టుకుని కూర్చుని మళ్లీ చదివాను. మన రెండు రాష్ట్రాలకి సంబంధించి రైలు, రోడ్డు, ఎయిర్‌పోర్టు మూడూ ఒకేచోట ఉన్న కాగితం అదొక్కటే. అందులో విశాఖ, విజయవాడ, తిరుపతి ఎయిర్‌పోర్టుల్ని అంతర్జాతీయ స్థాయికి విస్తరించే విషయం ఉంది. తెలంగాణ వెనుకబడిన ప్రాంతాలకి రోడ్లు మెరుగుపరచడానికి జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ చర్యలు తీసుకోవాలి అని ఉంది. కొత్త రాజధాని నుంచి హైదరాబాద్‌కీ తెలంగాణలోని ఇతర ముఖ్య నగరాలకీ వేగవంతమైన రైలు, రోడ్డు సౌకర్యం కోసం కేంద్రం చర్యలు తీసుకోవాలి అని ఉంది. రైల్వే జోన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆరు నెలల్లో "ఏర్పాటు చేసే విషయం పరిశీలించాలి", తెలంగాణ కోచ్ ఫ్యాక్టరీ దగ్గర కూడా "సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి". పరిశీలించాం, కుదరదు అని కేంద్రం ఒక కాగితం ఇస్తే చట్టప్రకారం వాళ్ల బాధ్యత తీరిపోయినట్టే. 93వ సెక్షన్ ఈ చర్యలన్నిటికీ పదేళ్ల గడువు పెట్టింది, ఆ పదేళ్లూ 2024 జూన్ 2తో అయిపోయాయి.

కోర్టు మహా అయితే పరిశీలించారా లేదా అని అడగగలదు, జోన్ ఇవ్వండి అని చెప్పడం చాలా కష్టం. ఇది 2014 ఫిబ్రవరిలో పార్లమెంటులో బిల్లు హడావుడిగా పాసైనప్పుడే పట్టుకోవాల్సిన విషయం, రెండు ప్రాంతాల ఎంపీలూ వీధిపోరాటంలో మునిగిపోయి ఈ వాక్యాల్ని పట్టించుకోలేదు, నాకు ఇప్పటికీ మనసులో మెలిపెడుతుంటుంది.

తర్వాత జరిగింది ఇదీ. 2019 ఫిబ్రవరి 27న సౌత్ కోస్ట్ రైల్వే జోన్ ప్రకటించారు, విశాఖ కేంద్రంగా. అందులో గుంతకల్లు, గుంటూరు, విజయవాడ డివిజన్లు వస్తాయి, విశాఖ నుంచే నడిచే వాల్తేరు డివిజన్ మాత్రం తీసేస్తాం అన్నారు. హెడ్డాఫీసు కోసం ముడసర్లోవ దగ్గర రాష్ట్రం చూపించిన 52 ఎకరాల మీద ఏళ్లపాటు ఉత్తరాలు నడిచాయి, ఇందులో కూడా చివరికి అడ్డం పడింది భూమే చూడండి. 2025 జనవరి 8న శంకుస్థాపన అయింది, ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ వాల్తేరుని పూర్తిగా ఎత్తెయ్యకుండా 410 కిలోమీటర్లతో విశాఖపట్నం డివిజన్‌గా ఉంచింది, కొత్తవలస–బచేలి లైనుతో కలిపి దాదాపు 680 కిలోమీటర్లు కొత్త రాయగడ డివిజన్‌కి వెళ్లాయి. బైలదిల్లా ఇనుప ఖనిజం వచ్చే లైను అది, వాల్తేరు ఆదాయానికి పట్టుకొమ్మ. కాబట్టి మీ ఊళ్లో చాలామందికి సంతోషం సగమే అయింది అంటే ఆ మాటలో న్యాయం ఉంది.

ప్రశ్న: మామునూరులో మళ్లీ విమానాలు దిగుతాయా? ఇన్నాళ్లు ఎందుకు ఆపారు సార్? (హనుమకొండ నుంచి)

నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ అది. మళ్లీ తెరవడం ఇన్నాళ్లు ఆగడానికి పెద్ద కారణం శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఒప్పందం. 2004లో కుదిరిన ఆ ఒప్పందంలో 25 ఏళ్లపాటు 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదు అన్న షరతు ఉంది. చట్టం కాదు అది, ఒక కంపెనీతో పెట్టుకున్న కాంట్రాక్టు, కానీ ఒక జిల్లా మొత్తం దాని కింద ఉండిపోయింది. శంషాబాద్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పాక 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఉన్న 696 ఎకరాలకి తోడు ఇంకో 253 ఎకరాలు రాష్ట్రం సేకరించి ఇవ్వాలి, దానికి 205 కోట్లు విడుదల చేశారు.

విమానాల మీద చట్టం మొత్తం కేంద్రానిదే, పాత 1934 చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది, లైసెన్సు కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇస్తుంది. చిన్న ఊళ్లకి విమానాలు నడపడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం 2016 నాటి నిబంధనల్లో మాత్రం రాష్ట్రం మీద చాలా ఉంది, భూమి ఉచితంగా ఇవ్వాలి, పోలీసు భద్రత, ఫైర్ ఇంజిన్ సొంత ఖర్చుతో పెట్టాలి, విమాన ఇంధనం మీద వ్యాట్ ఒక శాతానికి మించకూడదు, కంపెనీలకి ఇచ్చే నష్టాల సాయంలో 20 శాతం పెట్టుకోవాలి. ఆ సాయం ఒక రూటుకి మూడేళ్లే. మూడేళ్ల తర్వాత సీట్లు నిండకపోతే విమానం రాదు. కర్నూలు దగ్గర ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు రాష్ట్ర ప్రభుత్వ సంస్థే కట్టి నడుపుతోంది, 2021 మార్చిలో బెంగళూరు, చెన్నై, విశాఖకి సర్వీసులు మొదలయ్యాయి. కాబట్టి రన్‌వే గురించి ఎంత పట్టుబడతారో, ఏ ఊళ్లకి, ఏ టైమ్‌కి, సాయం ఆగాక ఎలా అన్నదాని గురించి కూడా అంత పట్టుబట్టండి. ప్రతి జిల్లాకీ ఎయిర్‌పోర్టు అనే మాట వినడానికి బాగుంటుంది గానీ ఆ వెయ్యెకరాలు ఇచ్చే రైతుకి జవాబు చెప్పగలగాలి.

ప్రశ్న: మా ఊళ్లో రైలు గేటు మీద బ్రిడ్జి పట్టాల పైన కట్టేసి అటూ ఇటూ వదిలేశారు, గాల్లో నిలబడి ఉంది. ఎవర్ని తిట్టాలి? (పేరు వద్దన్న పాఠకురాలు)

మామూలుగా పట్టాల మీద ముక్క రైల్వే కడుతుంది, రెండు వైపులా దిగే రోడ్లు రాష్ట్రం రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) వాళ్లు కడతారు. గేటు దగ్గర రోజుకి తిరిగే రైళ్ల సంఖ్యని వాహనాల లెక్కతో గుణిస్తే లక్ష దాటితే ఖర్చు సగం సగం. పైన ముక్క ఉండి దిగే దారి లేదంటే చాలాసార్లు భూసేకరణ గానీ బిల్లులు గానీ రాష్ట్రం దగ్గర ఆగినట్టు లెక్క. మొదట ఆర్ అండ్ బీ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఆఫీసులో అడగండి.

ప్రశ్న: పెట్రోల్ మీద రోడ్డు సెస్సు అని లీటరుకి రూపాయి తీసుకుంటున్నారు కదా, ఆ డబ్బు రోడ్లకే వెళ్తోందా? (భీమవరం నుంచి)

పెట్రోల్, డీజిల్ జీఎస్టీలోకి రాలేదు కాబట్టి రాష్ట్రం పన్ను రాష్ట్రం ఇష్టం. ఆంధ్రాలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు, ఆ సెస్సు 2020లో వచ్చింది. తెలంగాణలో 35.20 శాతం. సెస్సు రాబడిని చూపించి రోడ్డు డెవలప్‌మెంట్ కార్పొరేషన్ బ్యాంకుల్లో అప్పు తీసుకుంది కూడా, కాబట్టి మీ రూపాయి కొంత పాత అప్పుకీ వడ్డీకీ పోతుంది. ఏ రోడ్డుకి ఎంత ఖర్చు పెట్టారో నియోజకవర్గం వారీగా జాబితా బయట పెట్టమని అడగడం మీ హక్కు.

ప్రశ్న: రైల్లో ఫోన్ పోయింది. ఆర్‌పీఎఫ్ వాళ్లు జీఆర్‌పీకి వెళ్లమన్నారు, వాళ్లు వేరే స్టేషన్ పరిధి అన్నారు. (ఖమ్మం నుంచి)

రైల్వే పోలీసు రాష్ట్రం లిస్టులో 2వ ఎంట్రీ, అంటే దొంగతనం కేసు కట్టాల్సింది రాష్ట్రం కింద పనిచేసే జీఆర్‌పీ. ఆర్‌పీఎఫ్ కేంద్రానిది, రైల్వే ఆస్తుల కాపలా వాళ్ల ప్రధాన పని. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎక్కడ ఇచ్చినా తీసుకోవాలి. ప్రయాణంలో ఉండగానే అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: మా ఊరి బైపాస్ గురించి ఆర్టీఐ వెయ్యాలి, అది నేషనల్ హైవేనో స్టేట్ హైవేనో కూడా మాకు తెలీదు. తప్పు ఆఫీసుకి వేస్తే డబ్బులు పోతాయా? (నంద్యాల నుంచి ఒక విద్యార్థి)

పోవు బాబూ. సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ ప్రకారం నీ దరఖాస్తు వాళ్లది కాకపోతే ఐదు రోజుల్లోపు సరైన ఆఫీసుకి వాళ్లే పంపి నీకు ఆ సంగతి తెలియజెయ్యాలి. నువ్వు ఆర్ అండ్ బీ ఈఈ ఆఫీసుకి పది రూపాయల ఫీజుతో వేసెయ్యి, రోడ్డు నంబరు తెలియకపోతే ఏ ఊరి నుంచి ఏ ఊరికి అన్నది రాస్తే చాలు. ఒక ఉత్తరంలో మూడు నాలుగు ప్రశ్నలకి మించి పెట్టకు. శాంక్షన్ ఆర్డరు కాపీ, భూసేకరణ ఎంతవరకు వచ్చింది, ఇప్పటిదాకా కట్టిన బిల్లుల వివరాలు అని విడివిడిగా అడుగు, "ఎందుకు ఆలస్యం" అని అడిగితే జవాబు రాదు, కాగితం అడిగితే వస్తుంది. 30 రోజుల్లో రాకపోతే అదే ఆఫీసులో అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు.